ఐదు కుప్పల వరుస

పోయిన నెల నాకొక మెయిలు వచ్చింది. అందులో మూడే వాక్యాలు. తమ కంప్యూటరు సిస్టములో చాలా పాత యంత్రాల కోసం రాసిన భాగాలను ఇక తీసేద్దామనుకుంటున్నామని, ఫలానా మోడలు ఇంకా ఎవరి దగ్గరైనా నడుస్తోందా అని, ఆ భాగం పైన మీ పేరుంది కనుక అడుగుతున్నామని. రాసినవాళ్లెవరో నాకు తెలియదు. నేను ఇచ్చోడలో ఒక జిన్నింగు మిల్లులో తూకాల లెక్క చూస్తాను. క్వింటాలు పత్తికి దూది ఎంత వచ్చింది, గింజ ఎంత, తరుగు ఎంత అని రోజంతా కాగితం మీద కూడుతూ ఉంటాను. యంత్రం నడవడం లేదు, తీసేయండని పది నిమిషాల్లో జవాబు రాసి పంపాను. పంపిన తర్వాత నేను రాసిన పంక్తులు తెరిచి లెక్కపెట్టుకున్నాను. నలభై ఒకటి.

సాయంత్రం ఈ సంగతి నేను బాపు అని పిలిచే మా నాన్నతో చెప్పాను. బాపు ఇప్పుడు మాతోనే ఉంటున్నాడు. ముందు గదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. ఆయన “గా నలభై పంక్తులు తీసేస్తే మిగిలినదానికి ఏమన్న అయితదా?” అని అడిగాడు. ఏమీ కాదన్నాను. “మంచిదే” అని చేతిలోని పల్లీల పొట్టు ఊదుకున్నాడు. నాకు మాత్రం ఆ పంక్తులు రాసిన తొమ్మిది రోజులు ఒక్కొక్కటిగా గుర్తుకురావడం మొదలైంది.

అప్పుడు మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. బాపు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే నేతగాడు కాదు, డిజైన్ మాస్టరు. చీర అంచు మీద పువ్వో తీగో రావాలంటే అడ్డంగా పోయే ఏ పేకకు నిలువుగా ఉన్న ఏ పడుగు పోగులు పైకి లేవాలో ముందుగా గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుకోవాలి. గ్రాఫులో ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క అట్ట. లేవాల్సిన పోగు ఉన్న చోట అట్టకు చిల్లు పడుతుంది. ఆ అట్టలను వరుసగా దారంతో కుట్టి మగ్గం నెత్తిన ఉండే జకార్డు పరికరానికి వేలాడదీస్తే, అవి తిరిగినకొద్దీ కింద పువ్వు నేసుకుంటూ పోతుంది. మా ఇంట్లో తెల్లవారింది మొదలు అవ్వ అని పిలిచే మా అమ్మ కండెలు చుట్టే చప్పుడు, గంజి పులిసిన వాసన, కిటికీ దగ్గర చాప మీద బాపు. ఆయన పెన్సిలును బ్లేడుతో చెక్కేవాడు, మొన ఎంత సన్నగా ఉందో పెదవికి ఆనించి చూసుకునేవాడు. గళ్లు నింపేటప్పుడు మాట్లాడేవాడు కాదు. చాయ చల్లారిపోయేది. అవ్వ దాన్ని రెండోసారి వేడి చేసి పెట్టి, “ఈసారి తాగకపోతే మొక్కకు పోస్త” అనేది. మూడోసారి మళ్లీ వేడి చేసేది.

బాపుకు ఒక అలవాటుండేది. డిజైను పూర్తయి, తనకు పనిచ్చే సాంచెల షెడ్డు సేటు దగ్గరి కంప్యూటరు యంత్రంలోకి ఎక్కించగానే గ్రాఫు కాగితాన్ని చించి పొయ్యిలో పెట్టేసేవాడు. కుట్టిన అట్టలు నాలుగైదు నెలలకు నూనె తాగి, నలిగి, చిరిగిపోయేవి. అప్పుడు మళ్లీ యంత్రం నుంచే కొత్త అట్టలు కొట్టించి, తానే కూర్చుని కుట్టేవాడు. కుట్టే పని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. షెడ్డులో ఆ యంత్రమున్న డిజైను గదిలోకి ఎవరినీ చెప్పులతో రానిచ్చేవాడు కాదు, చెప్పులు లేకుండా కూడా ఎక్కువసేపు ఉండనిచ్చేవాడు కాదు. ఆ కట్టడి యంత్రానికి దుమ్ము పడకుండా అని నేను అనుకునేవాణ్ని.

ఆ యంత్రాన్ని లక్ష్మీరాజం సేటు బొంబాయిలో పాతసరుకు కింద కొన్నాడు. మామూలు కంప్యూటరు కాదు. రిస్క్ అనే రకం ప్రాసెసరుతో నడిచే వర్క్‌స్టేషన్. ఒకప్పుడు పెద్ద పెద్ద డిజైను కంపెనీలు వాడి, కాలం చెల్లాక వదిలించుకున్నది. చూడటానికి పీటంత వెడల్పున్న బూడిదరంగు పెట్టె. దానితో పాటు అట్టలు కొట్టే మిషను, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చాయి. ఆ పెట్టెలో గోరంత చిప్పు ఒకటుంది. అందులోనే చిన్న బ్యాటరీ, యంత్రం తన సొంత నంబరును దాచుకునేది అందులోనే. ఒకరోజు ఆ బ్యాటరీ అయిపోయింది. యంత్రం తన నంబరు తానే మరిచిపోయింది. ఆ నంబరు చూసిగాని తెరుచుకోని సాఫ్ట్‌వేర్ ఇక తెరుచుకోలేదు. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే ఆ దుకాణమే ఎత్తేశారన్నారు. బాపు చేసిన అరవై రెండు డిజైన్లు లోపల డిస్కులో ఉండిపోయాయి.

సరిగ్గా ఆ వారమే సేటుకు భివండి నుంచి ఎవరో ఒక చీర ముక్క తెచ్చి చూపించారు. దాని అంచు మీద బాపు వేసిన మోదుగు మొగ్గల తీగలాంటిదే ఉంది. ఆ తీగ అట్టలు మా దగ్గర అప్పటికే చిరిగిపోయాయి. రెండు సంగతులనూ సేటు కలిపి చూసుకున్నాడు. మమ్మల్నిద్దరినీ షెడ్డుకు పిలిపించాడు. చుట్టూ సాంచెలు మోగుతున్నాయి. సేటు గొంతు పెంచలేదు గానీ ప్రతి మాటా వినపడింది.

“నర్సన్నా, డిజైన్లు మిషన్ల ఉంటే సూపియ్యి. లేకుంటే ఎక్కడ అమ్ముకున్నవో గదన్న చెప్పు.”

“మిషన్లనే ఉన్నయి సేటూ.”

“మిషన్ తెరుసుకోదాయె. కాయితం అడిగితే పొయ్యిల వెట్టిన అంటివి. నేనేం జెయ్యాలె? మొగ్గల అంచు కావాలని సూరత్ పార్టీ మనిషి పదోనాడు వస్తుండు. ఆ దినం దాంక సూస్త. తర్వాత ఊళ్లె అందరు సేట్లకు ఒక్కటే మాట చెప్త.”

ఆ ఒక్క మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. డిజైన్లు అమ్ముకున్నవాడని పేరు పడితే సిరిసిల్లలో ఇంకే సేటూ బాపును గ్రాఫు ముందు కూర్చోనివ్వడు. ఆయనకు వేరే పని రాదు. ఊపిరాడని దమ్ము జబ్బు వల్ల సాంచెల దగ్గర నిలబడలేడు.

“నేను తీస్త సేటూ” అన్నాను.

సేటు నన్ను కింది నుంచి పైకి చూశాడు. “నువ్వేం సదివినవ్‌రా?”

డిగ్రీ మధ్యలో వదిలేశానని ఆయనకు తెలుసు. కంప్యూటరు నాకు ఎవరూ నేర్పలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు కీబోర్డు నేర్పుతూ, అక్కడున్న ఒక్క కంప్యూటరును విప్పి బిగిస్తూ, పత్రికలతో వచ్చే సీడీలు పెట్టి చూస్తూ నేర్చుకున్నాను. అట్లాంటి ఒక సీడీలోనే ఆ ఉచిత సిస్టమ్ దొరికింది. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతిలోనే, ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాసి, లోపలి రాతతో సహా అందరికీ ఇచ్చేసినది. అది సేటు యంత్రం మీద నడిస్తే, సాఫ్ట్‌వేరుతో పని లేకుండా డిస్కులో ఉన్నది నేరుగా చదవొచ్చు. ఆ డిస్కును మామూలు కంప్యూటరుకు తగిలిద్దామంటే దాని తీగ రకమే వేరు, కరీంనగర్‌లో ఎవరి దగ్గరా అది పట్టే కార్డు లేదు. కాబట్టి సిస్టమునే ఈ యంత్రానికి అతికేటట్టు మార్చాలి. పోర్టు చేయడమంటే అదే.

సేటు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. బాపు గదిలో అడుగు పెట్టకూడదు. దాంతో ఎనిమిది రోజులూ బాపు గది బయట నూలు బేలు మీద కూర్చున్నాడు. పొద్దున వచ్చేవాడు, సాంచెలు ఆగినప్పుడు లేచేవాడు. దారిన పోయే నేతగాళ్లు మొదటి రెండు రోజులు పలకరించారు. మూడో రోజు నుంచి తల వంచుకుని పోయారు.

ఫ్లాపీ పెట్టి నడిపితే సిస్టమ్ ఏడు పంక్తులు రాసి ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా ఏడే. లోపలి రాత చదివితే కారణం తెలిసింది. అది కూడా మొదట ఆ చచ్చిపోయిన చిప్పునే ‘నువ్వు ఏ మోడలువి’ అని అడుగుతోంది. జవాబు రాక నిలబడిపోతోంది. కరీంనగర్ బస్సెక్కి నెట్ సెంటరుకు పోయి, ఆ సిస్టమ్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టుకు నా వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. తెర మీది ఏడు పంక్తులనూ కాగితం మీద ఎక్కించుకుని పోయి, ఒక్క అంకె కూడా తప్పకుండా కొట్టాను. మర్నాడు మళ్లీ పోతే ఇద్దరు జవాబు రాశారు. ఆ మోడలు మా దగ్గర లేదు, నువ్వు చేసి చూడు, ఏం వచ్చిందో మాకు చెప్పు అని. చిప్పును అడగకుండా, ఏ భాగం ఏ చిరునామాలో ఉందో తడిమి చూసి మోడలును గుర్తుపట్టేటట్టు రాశాను. ఇన్‌స్టిట్యూట్‌లో దాన్ని కంపైలు చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చి, ఫ్లాపీ జేబులో వేసుకుని షెడ్డుకు పరుగెత్తాను. ఈసారి ముప్పైనాలుగు పంక్తులు వచ్చాయి. అప్పటికి ఐదో రోజు.

ఆ మధ్యాహ్నం బాపు నాతో బేలు మీద కూర్చుని సద్ది తింటూ అడిగాడు.

“గా జవాబు రాసినోళ్లు ఎవరు?”

“ఎవరో బాపూ. ఏ దేశమో తెల్వదు.”

“ఆళ్లకేమొస్తది?”

“ఏం రాదు. నేర్సుకున్నది అందరికి చెప్పుకుంటరు. నేను చేసింది సుత ఆళ్లకు పంపాలె.”

బాపు నమలడం ఆపాడు. “అందరికి తెలిస్తే ఇగ మనల్ని ఎవడు పిలుస్తడు?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

రెండో అడ్డంకి డిస్కు. పని అయిపోయిందని డిస్కు చెప్పే సంకేతం ఈ మోడల్లో ఏ నంబరు మీద వస్తుందో ఎవరికీ తెలియదు. ఒకటి నుంచి ఏడు దాకా ఏదైనా కావచ్చు. మూడో, ఐదో అయి ఉంటుందని మెయిల్లో ఒకరన్నారు. కాగితం మీద చూస్తే చిన్న పని. కానీ ఆ డిస్కు ముసలిది, మోటరు పట్టేస్తోంది. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ముందు గురక పెట్టి, ఆగి, తర్వాత ఎప్పుడో తిరిగేది. ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. అందుకే మొదటి ఐదు రోజులూ దాని తీగ పీకే ఉంచాను. ఇప్పుడు తగిలించక తప్పదు. ఒక్కొక్క నంబరు చూడటానికి ఒక్కొక్కసారి తిప్పాలి. మూడు పెట్టాను. తిరిగింది, మొదటి అక్షరాలు చదివింది, బిగుసుకుపోయింది. ఆపి, ఐదుకు మార్చుకుని వచ్చి మళ్లీ కరెంటు ఇచ్చాను. గురక వచ్చింది. తర్వాత ఏమీ లేదు. చెవి పెట్టి విన్నాను. సాంచెల మోతలో నాకేమీ వినపడలేదు.

బాపుకు బయటి నుంచే అర్థమైంది. గడప దాటలేదు. “తిరుగుతలేదా?”

“లేదు.”

“బయటికి తీసి అరసేతుల వెట్టుకో. గట్టిగ కొట్టకు. మణికట్టుతోని గిట్ల ఒక్కసారి తిప్పు. పట్టేసిన కండెను తిప్పుతం సూడు, గట్ల.” గాలిలో చేయి తిప్పి చూపించాడు.

ఆ తిప్పుడు నేను చిన్నప్పటి నుంచి చూసిందే. తిప్పాను. లోపల ఏదో వదులైనట్టు చేతికి తెలిసింది. తగిలించి కరెంటు ఇస్తే డిస్కు ఈలలా లేచింది. ఐదో నంబరే సరైనది. ఫైళ్ల జాబితా తెర మీద దిగింది. అరవై రెండు. నేను తలుపు దగ్గరికి వచ్చి వేళ్లతో ఆరు, రెండు చూపించాను. బాపు తలుపుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. డిస్కు మళ్లీ ఆగకముందే అన్నింటినీ ఫ్లాపీల్లోకి దించాను. అది ఎనిమిదో రోజు.

తొమ్మిదో రోజు పొద్దున సేటు, బాపు, నేను ఆఫీసు గదిలో కూర్చున్నాం. మొగ్గల అంచు ఫైలును చిల్లు ఉన్నచోట చుక్క, లేనిచోట ఖాళీ వచ్చేటట్టు ప్రింటరు మీద కొట్టించి తెచ్చాను. నాలుగు వందల వరుసలు. కాగితం బల్ల మీద పరిచాను. మొగ్గ లేదు, తీగ లేదు. చుక్కలు చల్లినట్టున్నాయి. అంకెల వరుస తారుమారైందేమోనని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మార్చి తెచ్చిన కాగితాలు కూడా తీశాను. అన్నీ అట్లాగే ఉన్నాయి. నేను చేసిన మొదటి తప్పు అక్కడే జరిగింది. “ఖరాబైంది సేటూ” అన్నాను.

సేటు బాపు వైపు తిరిగాడు. “ఇన్నవా? నీ కొడుకే చెప్తుండు.”

బాపు కాగితం వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. ఆయన ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలియలేదు. బాపును ఆ స్థితిలోకి నెట్టింది నా మాటేనని మాత్రం తెలిసింది. నోటి నుంచి వచ్చిన దాన్ని వెనక్కి తీసుకునే దారి కోసం పెన్సిలు తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాకు తెలిసింది అదొక్కటే. పువ్వు ఏదైనా సరే, ఒక వరుసకూ దాని పక్క వరుసకూ పెద్ద తేడా ఉండదు. మొదటి వరుసకూ రెండో వరుసకూ ఎన్ని గళ్లు కలవడం లేదో చూశాను. నూట ముప్పైకి పైనే. మూడో వరుసతో కూడా అంతే. నాలుగు, ఐదు అట్లాగే. పెన్సిలు ఆరో వరుస మీద ఆగింది.

“శంకరా” అన్నాడు బాపు. “పొద్దుటి సంది ఏం తినలే. ఇంటికి పోయి బువ్వ తినిరా.”

“ఆగు బాపూ.”

మొదటి వరుసకూ ఆరో వరుసకూ తేడా ఎనిమిది గళ్లు. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే. ఆరో వరుసకూ పదకొండో వరుసకూ ఆరు.

“బువ్వ తినిరా పో. అవ్వ ఎదురుసూస్తది” అని బాపు కుర్చీలోంచి సగం లేచాడు.

ఆయన నా ఆకలి గురించి అంటున్నాడనుకున్నాను. కత్తెర అడిగి తీసుకున్నాను. కాగితాన్ని వరుసకొక పట్టీగా కత్తిరించి, ఒకటో కుప్ప, రెండో కుప్ప అంటూ ఐదు కుప్పలుగా పంచాను. ఒక్కో కుప్పలో ఎనభై. మొదటి కుప్పలోని పట్టీలను బల్ల మీద వరుసగా అమర్చుతూ పోతే ఇరవై పట్టీలకు కాడ కనపడింది. నలభైకి మొగ్గ వంపు తిరిగింది. సేటు లేచి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. చదవడానికి రాకుండా బాపే డిజైనును ఐదు ముక్కలు చేసి, ముక్కకొక అట్ట చొప్పున కలిపి ఎక్కించాడని అప్పుడు నేనే గట్టిగా చెప్పాను. కుట్టేటప్పుడు మళ్లీ విడదీసుకునేవాడని, అందుకే కుట్టే పని ఎవరికీ ఇవ్వలేదని కూడా చెప్పాను. బాపు ఏదీ అమ్ముకోలేదని, ఇంకెవరి చేతికీ పోకుండా కాపాడాడని చెప్పాను. ఇంకో ఫైలు తెప్పించి అదీ అట్లాగే విప్పి చూపించాను. మూడోది కూడా.

సేటు బాపు భుజం మీద చేయి వేశాడు. “తప్పాయె నర్సన్నా. మనసుల వెట్టుకోకు.” తర్వాత నా వైపు తిరిగి, “అన్ని డిజైన్లు గిట్లనేనా? ఐదు కుప్పలేనా?” అని అడిగాడు.

“అన్ని గంతే సేటూ” అన్నాను.

సూరత్ మనిషి వచ్చాడు, అంచు తీసుకుని పోయాడు. బాపు పేరుకు మచ్చ రాలేదు. నేను నలభై ఒక్క పంక్తులను మెయిలింగ్ లిస్టుకు పంపాను, నా పేరుతో సహా వాళ్లు కలుపుకున్నారు. మూడు నెలలకు సేటు కరీంనగర్ నుంచి కంప్యూటరు పని తెలిసిన మనిషిని తెచ్చి డిజైను గదిలో కూర్చోబెట్టాడు. అరవై రెండు డిజైన్లూ విడదీసి వరుసగా ఉండగా, పాతవాటిని అటూ ఇటూ మార్చి కొత్తవి చేయడానికి గ్రాఫు మీద గళ్లు నింపే మనిషి అవసరం లేకపోయింది. బాపుకు బట్ట మడతలు పెట్టే పని ఇచ్చారు. సేటు మర్యాదకు లోటు చేయలేదు. ఎదురైతే నర్సన్నా అనే పిలిచేవాడు. నేను ఊరు వదిలి లక్సెట్టిపేటలో కొన్నాళ్లు, తర్వాత ఇచ్చోడలో స్థిరపడ్డాను.

ఇన్నేళ్లూ నేనిది ఒకటే పద్ధతిలో కూడుకుంటూ వచ్చాను. ఒక పక్క బాపు పేరు, ఇంకో పక్క బాపు పని. పేరు దక్కించాను, పని పోగొట్టాను. ఆ రెండింట్లో ఏది బరువో తేల్చుకోలేకపోయినా, ఆనాడు ఇంకో దారి లేదనే నమ్మకం మాత్రం ఉండేది. ఇప్పుడు మిల్లులో నా లెక్కలన్నీ ఎవరైనా తెరిచి చూడగలిగే చోటనే ఉంటాయి. దాచుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, నేను లేకపోయినా రేపు తూకం ఆగదు. బాపు తన చేతిపనిని నాలుగు గోడల మధ్య పదకొండేళ్లు దాచాడు. నన్ను ఆదుకున్నవాళ్లు ముఖం కూడా చూడనివాడికి ఉన్నదంతా ఇచ్చారు. ఈ రెండు పద్ధతులనూ మెచ్చుకోగలను. ఒకదానితో ఇంకోదాన్ని విప్పినవాణ్ని నేను.

మెయిలు వచ్చిన వారానికి, ఒక ఆదివారం, బాపుకు చాయ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

“ఆనాడు నన్ను రెండుసార్లు బువ్వకు పొమ్మన్నవ్. యాదికున్నదా?”

“ఎందుకుండది?”

“నేను వరుస కనిపెడుతున్ననని నీకు తెలిసిందా?”

“ఆరో వరుస మీద పెన్సిల్ ఆగినప్పుడే తెలిసింది.”

“మరి ఆపక పోతివి.”

“సేటు ముంగట ఎట్ల ఆపాలె? ఆపితే ఏదో దాస్తున్ననని తెలుస్తది. అందుకే పొమ్మన్న. నువ్వు పోయినంక మాట్లాడుదామనుకున్న.”

“సేటుతోనా? ఏం మాట్లాడుదామని?”

“వరుస నేను చెప్త అని. ఊకెనే కాదు.” చాయలో మీగడను వేలితో పక్కకు తీసి గ్లాసు అంచుకు రాశాడు. “రేపు పార్టీ వస్తుండు. సేటుకు నాతోని పని ఉన్నది. గా ఒక్క పూట నేను అడిగింది ఇస్తడు. పేరు సంగతి నాకు ఫికర్ లేకుండె. అట్టలు కుట్టి సూపిస్తే పేరు అదే వస్తది.”

“ఏం అడుగుదామనుకున్నవ్ బాపూ?”

“మా పోరన్ని గా మిషన్ మీద కూసోవెట్టుకో అని. నేను గీస్త, ఆడు ఎక్కిస్తడు, ఇద్దరికి పని ఇయ్యి, గప్పుడు వరుస చెప్త అని.”

బయట మిల్లుకు పోయే పత్తి బండి ఒకటి రోడ్డు మలుపు తిరుగుతోంది. అది పోయేదాకా నేను దాన్నే చూశాను.

“ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పకపోతివి” అన్నాను.

“నువ్వు అడగకపోతివి” అన్నాడు బాపు. తర్వాత, నా ముఖం చూసే కాబోలు, “ఆయన ఒప్పుకునెటోడో లేదో, అది వేరే ముచ్చట” అని ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు.